కత్తెర ఏదైతేనేం?

మొన్న ఆదివారం మా యింట్లో ఒక రౌండు టేబులు సమావేశం జరిగింది. టేబులు గుండ్రంగా లేదు లెండి, నలుచదరపు భోజనాల బల్లే. దాని చుట్టూ నేను, మా ఆవిడ, ఇంజనీరింగు మూడో ఏడు వెలగబెడుతున్న మా అబ్బాయి, ఇంటరు చదువుతున్న మా అమ్మాయి, రెండు రోజులు సెలవు దొరికిందని వచ్చిన మా బావమరిది, పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోలో పనిచేస్తున్న మా అన్నయ్య కొడుకు, మొత్తం ఆరుగురం కూర్చున్నాం. చర్చనీయాంశం: వీడియోలు కత్తిరించి కూర్చడానికి ఏ సాఫ్ట్‌వేరు మంచిది?

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకు వచ్చిందీ అంటే, మా మేనత్తగారి మూలాన వచ్చింది. వచ్చే శ్రావణంలో ఆవిడకు సహస్ర చంద్ర దర్శనం. వెయ్యి పున్నములు చూసిన మనిషి. ఆ పున్నములు ఎన్నో, ఆవిడ నోట వున్న పాటలు అన్ని అన్నట్టుండేది ఒకప్పుడు. మేలుకొలుపులు, మంగళహారతులు, గొబ్బిపాటలు, అప్పగింతలు, ఆడవాళ్ళు పాడుకునే రామాయణపు పాటలు, అన్నీ నోటికే. కాగితం మీద ఒక్క ముక్క లేదు. నాలుగేళ్ళుగా మేము వెళ్ళినప్పుడల్లా ఆవిడను బతిమాలి పాడించి, ఫోనులో పట్టి వుంచాం. లెక్క చూస్తే 163 ముక్కలు తేలాయి. దగ్గర దగ్గర తొమ్మిది గంటల పాట. వేడుకనాడు అరగంట సినిమాగా కూర్చి బంధువులందరికీ చూపించాలని మా సంకల్పం.

ఇక చూడండి, సంకల్పం చెప్పుకున్నంత సులువుగా తక్కిన తంతు జరగలేదు.

"డావించి రిజాల్వ్ వాడదాం నాన్నా, ఉచితం!" అని మా అబ్బాయి మొదలుపెట్టాడు. వాడు చెప్పిన మాట నిజమే. డావించి అన్నది ఒకప్పుడు పెద్ద పెద్ద స్టూడియోలలో రంగులు సరిచేసే యంత్రం పేరు. 2009లో ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ అనే సంస్థ దానిని కొన్నది. ఇప్పుడు కత్తిరింపు, రంగులు, శబ్దం అన్నీ ఒకేచోట చేసుకునే సాఫ్ట్‌వేరుగా దానిని ఉచితంగానే ఇస్తున్నారు. ఇంకా హంగులు కావాలనేవారికి ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కునే రకం వేరే వుంది. కాని దానికి పుష్టి గల కంప్యూటరు కావాలి. 16 గిగాబైట్ల మెమరీ వుంటే మంచిదని తయారుచేసినవారే చెబుతారు. మా లాప్‌టాప్‌కు వున్నది ఎనిమిది. ఏనుగును ఉచితంగా ఇస్తామన్నారు సరే, కట్టెయ్యడానికి మన పెరడు చాలవద్దూ?

"అదంతా ఎందుకు బాబాయ్! మా స్టూడియోలో ఎడియస్, ప్రీమియర్ రెండూ వున్నాయి. ప్రీమియర్ నేర్చినవాడికి ఏ ఊళ్ళోనైనా అన్నం పుడుతుంది" అన్నాడు మా అన్నయ్య కొడుకు. అదీ నిజమే. ప్రీమియర్ 1991లో పుట్టింది. ఆస్కార్ బహుమతులు అందుకున్న 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్' చిత్రాన్ని దానితోనే కూర్చారు. అయితే 2013 నుంచి దాని కొత్త రకాలను కొనుక్కుని దాచుకునే వీలు లేదు. చందా కట్టాలి. చందా కట్టినన్నాళ్ళే తలుపు తెరుచుకుంటుంది. స్టూడియోవారికి నెలనెలా పెళ్ళిళ్ళు వుంటాయి, చందా గిట్టుతుంది. మా యింట్లో సహస్ర చంద్ర దర్శనం నెలనెలా జరగదు గదా!

మా బావమరిది నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు. "బావగారూ, నా మాట విని ఒక మాక్ కంప్యూటరు తీసుకోండి. అందులో ఐమూవీ ఉచితం. చిన్నపిల్లలైనా చేసేస్తారు. ఇంకా పెద్ద పని కావాలంటే ఫైనల్ కట్ వుండనే వుంది."

పందిరి వెయ్యడానికి తాటాకులు ఎక్కడ దొరుకుతాయంటే, కల్యాణమంటపం కొనమని సలహా చెప్పే రకం మా బావమరిది. నేను నవ్వి వూరుకున్నాను.

మా అమ్మాయి మాత్రం ఫోను మీది నుంచి తల ఎత్తకుండానే తీర్పు చెప్పింది: "ఫోనులోనే చేసెయ్యవచ్చు నాన్నా. కైన్‌మాస్టర్ చాలు." రెండు నిమిషాల ముచ్చటకు ఆ పిల్ల చెప్పినదే సరి. తీసిన చోటే కత్తిరించవచ్చు, మరుక్షణం పంపవచ్చు. డబ్బు కట్టకపోతే మూలన తన ముద్ర వేసుకుంటుంది, అంతే. కాని తొమ్మిది గంటల వీడియో అంటే మా లెక్కన 70 గిగాబైట్లు. ఫోనుకు అజీర్తి చెయ్యదూ?

నేనూ తక్కువ తినలేదు. మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడు కేడెన్‌లైవ్ అనే దానిని గురించి నాకు నూరిపోశాడు. అది 2002 ప్రాంతాల మొదలై, స్వచ్ఛందంగా పనిచేసేవారి చేతులమీదుగా పెరిగిన సాఫ్ట్‌వేరు. వెల లేదు, చందా లేదు, విండోస్‌లోనూ లినక్సులోనూ పనిచేస్తుంది. నేను దాని తరఫున వకాల్తా పుచ్చుకున్నాను.

ఇంకేముంది! అరగంట సేపు ఎవరి కత్తెర పదును వారు పొగుడుకున్నాం. అప్పటిదాకా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటున్న మా ఆవిడ తల ఎత్తి, "ఏమండీ, కత్తెరల సంగతి సరే, గుడ్డ ఎక్కడుందో చూసుకున్నారా? పోయినసారి జోలపాట సంగతి అప్పుడే మరిచిపోయారా?" అన్నది.

బల్ల చుట్టూ నిశ్శబ్దం ఆవరించింది.

ఆ జోలపాట కథ మీకు చెప్పాలి. చెప్పుకుంటే సిగ్గుచేటు గాని, నాలాంటివారు మరికొందరు వుంటారేమోనని చెబుతున్నాను. రెండేళ్ళ కిందట అత్తయ్య ఒక జోలపాట పాడింది. నేను దానిని మూడు ముక్కలుగా ఫోనులో పట్టి, కంప్యూటరులో వేసి, నాలుగు రాత్రులు కూర్చుని ముచ్చటగా అతికాను. చివర పేర్లు పెట్టడం ఒక్కటి మిగిలింది. తీరికగా పెడదాం లెమ్మని దానిని భద్రం చేశాను. ఈలోగా కంప్యూటరు నిండిపోయిందని గోల పెట్టింది. సినిమా ఎలాగూ భద్రపరిచాను గదా, ఇంక ఈ ముడి ముక్కలెందుకని ఫోనులోవీ, కంప్యూటరులోవీ చెత్తబుట్టతో సహా వూడ్చిపారేశాను.

వారం తరువాత తెరిచి చూద్దును గదా, అత్తయ్య లేదు! అత్తయ్య వుండవలసిన చోట ఎర్రటి పలక. దాని మీద, ఫైలు దొరకడం లేదని ఒక ముక్క. పాట లేదు, మాట లేదు.

అప్పుడు తెలిసింది నాకు. మనం 'ప్రాజెక్టు' అని భద్రపరిచేది సినిమా కాదు. అది వట్టి జాబితా. ఫలానా ముక్కలో ఫలానా క్షణం నుంచి ఫలానా క్షణం దాకా తీసుకో, దాని పక్కన ఇది పెట్టు అనే చీటీ. కిరాణా చీటీని బీరువాలో భద్రంగా దాచి, సరుకులను వీధిలో పోసినట్లయింది నా పని.

పూర్వపు సినిమావారికి ఈ సంగతి బాగా తెలుసు. కెమెరా నుంచి వచ్చిన అసలు నెగెటివును ఎడిటరు ముట్టుకునేవాడు కాదు. దాని నుంచి ఒక ప్రతి తీసుకుని, దానినే కోసి, అతికి, చాలదనుకుంటే మళ్ళీ విప్పి, మళ్ళీ అతికేవాడు. ఫిల్ము అంచున అంకెలు అచ్చుపడి వుండేవి. అంతా కుదిరాక ఆ అంకెల ప్రకారం నెగెటివును కోసేవారు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. అన్ని వేల అడుగుల ఫిల్మునూ కేవలం అంకెల మీద ఆధారపడి కోసేవారంటే, ఆ నెగెటివును ఎంత పదిలంగా చూసుకుని వుంటారో వూహించండి. ఇప్పుడు మన ఫోనులోని ముడి ముక్కే నెగెటివు. సాఫ్ట్‌వేరు ఏదైనా సరే, ఆ అంకెల చీటీ రాసిపెట్టే గుమాస్తా మాత్రమే.

పరుగున వెళ్ళి అత్తయ్యను మళ్ళీ పాడమన్నాను. పాడింది. రెండు చరణాల దగ్గర ఆగిపోయింది. కళ్ళు మూసుకుని, వేళ్ళు మడిచి, ఎంతసేపో వెతుక్కున్నది. "అప్పుడు వచ్చాయిరా అబ్బాయ్, ఇవాళ రావడం లేదు. ఎక్కడికి పోతాయి, అవే వస్తాయిలే" అన్నది. రెండేళ్ళయింది, అవి రాలేదు. తాతలనాటి పాటలో రెండు చరణాలు నా చేతిమీదుగా పోయాయి. తెలుగులో ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నవాడిని, జానపద గేయాలను సేకరించి భద్రపరచాలని ప్రతి ఏడూ పిల్లలకు ఉపన్యసించేవాడిని!

అందుచేత ఈసారి మా ఆవిడ మాట ప్రకారం ముందు గుడ్డ సంగతి చూశాం. మూడు ఫోనులలోని 163 ముక్కలూ ఒకచోట చేర్చి, ప్రతిదానికీ పాట పేరు, తేదీ తగిలించి, రెండు వేరు వేరు డిస్కులలో పెట్టాం. ఒక డిస్కు మా యింట్లో, ఒకటి అన్నయ్యగారి యింట్లో. ఆ తరువాతే కత్తెరల పరీక్ష.

పరీక్ష అంటే పరీక్షే. ప్రశ్నపత్రం తయారుచెయ్యడం నా వృత్తి గదా! ఏవైనా అయిదు ముక్కలు అందరికీ అవే ఇచ్చి, మూడు ప్రశ్నలు పెట్టాను.

మొదటి ప్రశ్న: మా యింట్లో వున్న కంప్యూటరు మీద నడుస్తుందా? రిజాల్వ్ తెరుచుకున్నది గాని, రెండు ముక్కలు పక్కపక్కన పెట్టేసరికి ఎండలో బండి లాగే ఎద్దులా రొప్పింది. కేడెన్‌లైవ్ కూడా మొదట తడబడింది. కాని ఇలాంటి చోట ఒక ఉపాయం వున్నది. ప్రతి ముక్కకూ తేలికపాటి నకలు తయారుచేసుకుని, కత్తిరింపు అంతా నకలు మీద చేసి, చివర సినిమా తీసేటప్పుడు మాత్రం అసలు దానిని వాడమనవచ్చు. దీనినే ప్రాక్సీ అంటారు. రిజాల్వ్, ప్రీమియర్‌లలోనూ ఈ సదుపాయం వున్నది. మా లాప్‌టాప్ మీద ఆ ఉపాయంతో కేడెన్‌లైవ్ చకచక నడిచింది.

ఇక్కడే మరొక సంగతి బయటపడింది. దేవుడి గదిలో సంధ్యవేళ తీసిన ముక్కలలో పాట ఒకదారి, పెదవులు ఒకదారి అయ్యాయి. అత్తయ్య నోరు మూసుకున్న తరువాత కూడా పాట వినిపిస్తున్నది! ఫోనులు చాలావాటిలో బొమ్మల వేగం నిలకడగా వుండదు. వెలుతురు తగ్గితే సెకనుకు తీసే బొమ్మల సంఖ్యా తగ్గిపోతుంది. కత్తిరించే సాఫ్ట్‌వేరు నిలకడైన వేగాన్ని ఆశిస్తే, చిన్న తేడా పోగుపడి పెద్దదవుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో ఆ ముక్కలకు ముందుగానే స్థిరమైన వేగం కల్పించాం. పెదవులు పాటను కలుసుకున్నాయి.

రెండో ప్రశ్న తెలుగు ప్రశ్న. "శ్రీ లక్ష్మీ స్త్రీ జ్యోత్స్న" అని తెర మీద అక్షరాలు పెట్టి చూడండి అన్నాను. అర్థం కోసం కాదు, వత్తుల కోసం. చూద్దును గదా, ఒకదానిలో వత్తులు అక్షరాన్ని విడిచి, అలిగిన అల్లుడిలా దూరంగా నిలబడ్డాయి! కొన్నిటిలో దక్షిణాసియా లిపుల కోసం వేరే అమరిక వుంటుంది. అది ఎంచుకుంటే చక్కబడుతుంది. కొన్నిటిలో అక్షరాల ఖతి మారిస్తే సరిపోతుంది. సాఫ్ట్‌వేరును పొగిడే ఇంగ్లీషువాళ్ళెవరూ ఈ పరీక్ష పెట్టరు. మనమే పెట్టుకోవాలి.

మూడో ప్రశ్నకు నేను ఎక్కువ మార్కులు కేటాయించాను: రేపు దీనిని వదిలి వెళ్ళాలంటే నా సామాను నాతో వస్తుందా?

ఈ ప్రశ్న ఎంత పెద్దదో తెలియాలంటే 2011 జూను నాటి సంగతి చెప్పుకోవాలి. అప్పటికి ఫైనల్ కట్ అంటే ఎడిటర్లకు ప్రాణం. వాల్టర్ మర్చ్ అంతటివాడు 2003 నాటి 'కోల్డ్ మౌంటెన్' చిత్రాన్ని దానిమీదే కూర్చాడు. అలాంటి దానిని యాపిల్‌వారు మొదటినుంచీ తిరగరాసి, ఫైనల్ కట్ ప్రో టెన్ అని 299 డాలర్లకు విడుదల చేశారు. తెరిచి చూస్తే, పాత ఫైనల్ కట్‌లో చేసుకున్న ప్రాజెక్టులు కొత్తదానిలో తెరుచుకోవు! పలు కెమెరాల దృశ్యాలు కలిపి కూర్చే సదుపాయం లాంటివీ మొదట్లో లేవు. పైగా పాతదాని అమ్మకం ఆపేశారు. ఎడిటర్లు గగ్గోలు పెట్టారు. చాలామంది ప్రీమియర్‌కు, ఆవిడ్‌కు తరలిపోయారు. తరువాత కొత్తదానికి ఒక్కొక్క సదుపాయమే చేర్చారనుకోండి, అది వేరే సంగతి. ఏళ్ళ తరబడి రాసుకున్న చీటీలు ఒక్క ఉదయాన చదవరానివయ్యాయి.

ఈ కథకే ఇంకొక కొస వున్నది. 2020 ఫిబ్రవరిలో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలుచుకున్న కొరియా చిత్రం 'పారసైట్' వుంది చూశారూ, దాని ఎడిటరు యాంగ్ జిన్‌మో ఆ చిత్రాన్ని కూర్చినది దేనిమీదనుకున్నారు? అప్పటికి ఎన్నో ఏళ్ళ కిందటే అమ్మకం ఆగిపోయిన ఆ పాత ఫైనల్ కట్ మీదే! లోకం వదిలేసిన కత్తెర, లోకం మెచ్చిన చిత్రం. మా భోజనాల బల్ల దగ్గర ఈ సంగతి చెప్పగానే నాలుగు పార్టీలవారూ కొంచెం చల్లబడ్డారు.

మొత్తం మీద మా యింటికి కేడెన్‌లైవ్ నెగ్గింది. అది అన్నిటికన్నా గొప్పదని కాదు సుమండీ! మా పాత లాప్‌టాప్ మీద నడిచింది, తెలుగు వత్తులను నిలబెట్టింది, వదిలిపోయినా బాకీ వుండదు. అన్నిటికీ మించి, ఆ పని కూర్చుని చేసేది మా అమ్మాయి. పరీక్షకు పెట్టిన సాయంత్రం ఎవరినీ అడగకుండా అది చెయ్యగలిగినది దానిమీదే. మా అన్నయ్య కొడుకు స్థానంలో నేనుంటే ప్రీమియరే ఎంచుకునేవాడిని. సినిమాల్లోకి వెళ్ళాలనుకునే కుర్రవాడైతే రిజాల్వ్ నేర్చుకుని తీరాలంటాను. చెప్పులు దుకాణంలో కాదు, కాళ్ళ దగ్గర ఎంచుకోవాలి.

కథ ఇక్కడితో కంచికి వెళ్ళిందనుకున్నాను. వెళ్ళలేదు.

పోయిన శనివారం మా అమ్మాయి కూర్చిన మొదటి పది నిమిషాలు పట్టుకుని అత్తయ్య దగ్గరికి వెళ్ళాం. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, చీరచెంగు సర్దుకుని, తెర ముందు కూర్చున్నది. తన మొహం తానే చూసుకుని మొదట సిగ్గుపడ్డది. తరువాత తనతో తానే గొంతు కలిపి సన్నగా పాడటం మొదలుపెట్టింది. ఊర్మిళాదేవి నిద్ర వచ్చింది. అత్తయ్య పాడితే అది 22 నిమిషాల పాట. మా అమ్మాయి దానిని మూడు నిమిషాలకు తెచ్చింది. అతుకు తెలియలేదు. కేడెన్‌లైవ్ తన పని చక్కగా చేసింది.

అత్తయ్య పాట ఆపి మా వంక చూసింది.

"ఇంతకీ ఊర్మిళ లేచిందట్రా?"

మాకు అర్థం కాలేదు.

"పద్నాలుగేళ్ళు నిద్రపోయిందే తల్లి! లక్ష్మణుడు వచ్చాడు, పక్కన కూర్చున్నాడు. లేపాలా వద్దా? లేపకుండానే హారతి ఇచ్చేశారేమర్రా మీరు?"

మా అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. అది కోసినది సరిగ్గా ఆ మేలుకొనే చోటనే. పాట మొదలూ, పాట చివరా శ్రావ్యంగా వున్నాయని వుంచి, నడుమ భాగం తీసేసింది. తెలుగు లెక్చరరునైన నేను పక్కనే కూర్చుని, "భేష్, అతుకు తెలియడం లేదు" అన్నాను!

మన సినిమాలలో ఎడిటింగును 'కూర్పు' అన్న పెద్దలకు నమస్కారం చెయ్యాలనిపించింది. వారు కోత అనలేదు, కూర్పు అన్నారు. ఏ కత్తెర అయినా కొయ్యగలదు. పున్నమికీ పున్నమికీ నడుమ ఏమి పోగూడదో తెలిసిన మనిషి పక్కనుంటేనే కూర్పు.

ఇప్పుడు మా అమ్మాయి రోజూ కాలేజీ నుంచి వచ్చి, లాప్‌టాప్ తీసుకుని మామ్మ పక్కన చేరుతున్నది. "ఇక్కడ తీసెయ్యనా మామ్మా?" అని అడుగుతుంది. "అది పోయినా పరవాలేదు, ఆ తరువాతి మాట మాత్రం వుండనీ" అంటుంది అత్తయ్య. సినిమా అరగంట కాదు, ముప్పావుగంట అయ్యేట్టుంది. కానివ్వండి, బంధువులు వింటారు. పూర్తి పాటలు ఎలాగూ కోత లేకుండా రెండు డిస్కులలో వున్నాయి.

నిన్న సాయంత్రం ఊర్మిళ మేలుకొనే ముక్కను మళ్ళీ అతుకుతూ వుండగా, అత్తయ్య హఠాత్తుగా చెయ్యి అడ్డం పెట్టి, "ఉండవే, ఆ యంత్రం ఒకసారి ఆపు" అన్నది. కళ్ళు మూసుకుని, వేళ్ళు మడిచి, జోలపాటలో పోయిన రెండు చరణాలలో ఒకటి పాడింది.

మా అమ్మాయి లాప్‌టాప్ మూసి ఫోను అందుకున్నది.